ఓవెన్ లేదు, రమ్ము వాడం, ఇద్దరు చిన్నపిల్లలు: ఇంట్లో క్రిస్మస్ కేకు, స్టారు అవుతాయా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉంటారు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. ఏటా కేకు బేకరీలో, స్టారు ఫ్యాన్సీ షాపులో కొనేస్తున్నారు. ఈసారి రెండూ పిల్లలతో కలిసి ఇంట్లోనే చేయాలని ఉంది. ఓవెన్ లేదు, మామూలు మైక్రోవేవ్ ఉంది. ఇంట్లో రమ్ము, వైన్ ముట్టరు. అత్తయ్యగారు 20వ తేదీకి ఊరినుంచి వస్తారు. ఇవన్నీ అయ్యే పనులేనా, ఎప్పుడు మొదలుపెట్టాలి, పిల్లల్ని ఎంతవరకు రానివ్వచ్చు?

అవుతాయండి. ఓవెన్ లేకపోవడం పెద్ద ఇబ్బంది కాదు, రమ్ము లేకపోవడం అసలు ఇబ్బందే కాదు. కానీ పనుల వరస మార్చుకోవాలి: స్టారు ముందు, కేకు చివర, 24వ తేదీన ఏమీ లేదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నెల ముందు ఎండు ద్రాక్ష నానబోసి, స్టారు సంగతి 23 రాత్రి గుర్తు చేసుకుంటారు. మీ ఇంటికి ఆ లెక్క సరిపోదు, ఎందుకో కింద చెప్తాను.

మాది నరసాపురం వైపు. డిసెంబరు వస్తే ఇంట్లోనే కేకులు కాల్చి తెలిసినవాళ్లకు ఇస్తుంటాను, సండే స్కూల్ పిల్లలతో స్టార్లు కట్టిస్తుంటాను. అందుకని పిల్లలు ఏ పని పట్టుకుంటారో, ఏది మధ్యలో వదిలేసి టీవీ ముందుకు పోతారో కొంత తెలుసు.

ముందు స్టారు.

కోస్తా ఊళ్లలో డిసెంబరు మొదటి తారీఖుకే పొడుగాటి వెదురు గెడకు స్టారు ఎక్కిపోతుంది. అది కనిపించాలంటే నవంబరు చివరి ఆదివారం కట్టాలి. పిల్లలకు ఇంకా పరీక్షల గొడవ మొదలవదు, మీకూ ఆఫీసులో సంవత్సరాంతం పనులు నెత్తిమీదకు రావు. పైగా పని పూర్తయిన వస్తువు నెల రోజులపాటు కళ్లముందు వేలాడుతుంటే పిల్లలు మిగతా పనులకు వాళ్లంతట వాళ్లే వస్తారు.

కావలసినవి: సమాన పొడవున్న వెదురు బద్దలు 10, అర అంగుళం వెడల్పువి. వెదురు అమ్మేవాళ్ల దగ్గర చీల్చి ఇమ్మంటే ఇస్తారు. అంచులు గరుకు కాగితంతో రుద్దాకే పిల్లల చేతికి ఇవ్వండి, వెదురు పీచు గుచ్చుకుంటే తీయడం నరకం. చిన్న బద్దలు 5, ఒక్కోటి 10 నుంచి 12 సెంటీమీటర్లు. సన్న పురికొస లేదా బైండింగ్ వైరు. గాలిపటాల కాగితం. జిగురుకు మైదా.

ఇక్కడ మీ బాబుకు మంచి పని ఉంది. అయిదు బద్దలతో అయిదు మొనల నక్షత్రం కడతాం కదా, బద్దలు ఎక్కడెక్కడ ఒకదాన్నొకటి దాటాలో తెలియక చాలామంది కళ్లతో అంచనా వేస్తారు. చివరికి ఒక మొన పొట్టిగా, ఒకటి పొడుగ్గా వచ్చి మొత్తం వంకర పోతుంది. లెక్క ఒకటుంది: బద్ద పొడవును 0.382తో గుణించండి. ఎంత వస్తే అంత దూరంలో రెండు చివరల నుంచీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. 60 సెంటీమీటర్ల బద్ద అయితే ఇటు నుంచి 23, అటు నుంచి 23, మధ్యలో 14 మిగులుతుంది. అన్ని బద్దల మీదా ఈ రెండు గుర్తులు పెట్టి, గుర్తు మీద గుర్తు పడేలా కడితే నక్షత్రం దానంతటదే సరిగ్గా కూర్చుంటుంది. కొలిచి గుర్తులు పెట్టడం పూర్తిగా వాడికి వదిలేయండి. జర్మనీలో మొరేవియన్లనే ప్రొటెస్టంట్ క్రైస్తవ సంఘంవాళ్ల కాగితపు నక్షత్రాలు 1830ల్లో మగపిల్లల బడిలో రేఖాగణితం పాఠంగానే పుట్టాయి. లెక్కలంటే మూతి ముడిచే పిల్లలకు నేను ఈ సంగతి చెప్తుంటాను.

అలాంటి నక్షత్రాలు రెండు కట్టాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు మొనలూ జతగా బిగించి కట్టేయండి. తర్వాత లోపల బద్దలు దాటుకున్న అయిదు చోట్లా, రెండు నక్షత్రాల మధ్య ఆ చిన్న బద్దలు నిలబెట్టి కడితే కడుపు ఉబ్బి డొల్లగా వస్తుంది. బల్బు కూర్చునేది అందులోనే. ఈ నిలబెట్టే పనికి నాలుగు చేతులు కావాలి. ఒకరు వంచి పట్టుకోవాలి, ఒకరు కట్టాలి. ఒంటరిగా చేస్తే విసుగొస్తుంది.

కాగితం అంటించడం పాప పని. ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద చిక్కబడేదాకా తిప్పితే జిగురు తయారు. పాతకాలం వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం వేసేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ రోజుకా రోజు తాజాగా కాచుకోండి, మిగిలింది పారేయండి. కాగితం బిర్రుగా లాగి అంటించక్కర్లేదు. కాస్త వదులుగా అంటించి, ఆరాక నీళ్లు సన్నగా చిలకరించి మళ్లీ ఆరనిస్తే అదే బిగుసుకుంటుంది. వెనకవైపు ఒక ముక్క మాత్రం అంటించకుండా వదలండి, బల్బు మార్చడానికి.

బల్బు విషయంలో ఒక్కటే మాట: ఎల్‌ఈడీయే వాడండి, 3 వాట్లు చాలు. పాత 60 వాట్ల బల్బు కాగితాన్ని ఎండబెట్టి మాడ్చేస్తుంది. వైరు, హోల్డరు పెద్దవాళ్లే బిగించాలి. అతుకులేవీ బాల్కనీలో మంచుకు తడవకుండా లోపలే ఉండాలి. కాగితం కూడా మంచుకు జావగారిపోతుంది, చూరు కింద వేలాడదీయండి. డాబా మీద ఆరుబయట పెట్టాలంటే పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తొడగాల్సిందే. అందం కాస్త తగ్గుతుంది, ఏం చేస్తాం. తీసేయడానికి తొందరేమీ లేదు. జ్ఞానులు వచ్చిన పండుగ జనవరి 6 వరకు ఉంచే ఇళ్లు ఉన్నాయి.

ఫిలిప్పీన్స్‌లో పారోల్ అని అచ్చం ఇలాంటిదే కడతారు, అదే వెదురు, అదే కాగితం, అవే అయిదు మొనలు. మీ బాబుకు ఆసక్తి ఉంటే వెతికి చూపించండి.

అలంకరణలు డిసెంబరు మొదటి రెండు వారాల్లో, తీరికను బట్టి.

దీనిమీద ఎక్కువ చెప్పను. ఉప్పు పిండి బొమ్మలు సులువు: రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, ముప్పావు గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా కలపాలి. అర సెంటీమీటరు మందంగా ఒత్తి, స్టీలు గ్లాసుతోనో మూతలతోనో కోసి, పైన స్ట్రాతో కన్నం పెట్టి, నీడలో ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు తిప్పుతూ ఆరబెట్టండి. ఎండలో పెడితే బీటలిస్తాయి. ఆరాక రంగులు. హైదరాబాద్ డిసెంబరు పొడిగాలికి బాగా గట్టిపడతాయి. మా వైపు మాత్రం ఉప్పుగాలికి అవి చెమ్మ పట్టి మెత్తబడతాయి, అందుకే నేను చేయించను. మీ అత్తయ్యగారు ఊరికి పట్టుకెళ్తానంటే వార్నిష్ వేసి ఇవ్వండి. పాపకు మాత్రం ఇది తినే పిండి కాదని గట్టిగా చెప్పండి, ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికి అందనివ్వకండి. అంత ఉప్పు కడుపులోకి వెళ్తే ప్రమాదం.

మా వైపు ఇళ్లలో దొరికేది ఇంకోటి ఉంది, లేసు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రోషే సూదితో లేసు అల్లడం పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పినప్పటి నుంచీ ఉంది. మీ అత్తయ్యగారికి క్రోషే వచ్చి ఉంటే, ఆవిడ 20న వచ్చాక చిన్న చిన్న పువ్వులు, నక్షత్రాలు అల్లించండి. చిక్కటి గంజిలో ముంచి పిండి, థర్మాకోల్ షీటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, గుండు సూదులతో మొనలు లాగి గుచ్చి ఆరబెడితే బిరుసుగా నిలబడతాయి. కొందరు గంజికి బదులు పంచదార పాకంలో ముంచమంటారు. మన దేశంలో అది చీమలకు విందు. ఆరేళ్ల పిల్లకు క్రోషే రాదు, కానీ పదేళ్ల వాడికి గొలుసు కుట్టు వస్తుంది, మగపిల్లాడని పక్కన పెట్టకండి. గొలుసు పొడుగ్గా అల్లితే అదే తోరణం.

పశువుల పాకకు ఖర్చే లేదు. అట్టపెట్టె, ఎండుగడ్డి, గోనెగుడ్డ ఉంటే చాలు. క్రిస్మస్‌కి పాక కట్టే అలవాటు 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ పుణ్యపురుషుడు నిజం గడ్డి, నిజం ఎద్దు, గాడిదతో చేసిన దాని నుంచి వచ్చింది. కాబట్టి కొన్న బొమ్మలే ఉండాలని ఏమీ లేదు. మట్టితో పిల్లలు చేసిన గొర్రె కుక్కలా ఉన్నా సరే, పెట్టేయండి. ఒక చిట్కా: పాక ముందు పచ్చిక కావాలంటే 16, 17 తేదీల్లో వెడల్పాటి పళ్లెంలో తడి మట్టి పరిచి, రాత్రంతా నానిన రాగులో ఆవాలో చల్లండి. వారం రోజులకు వేలెడు పచ్చగా లేస్తుంది. బొమ్మల కొలువులో తోట కోసం మన ఇళ్లలో చేసేదే. రోజూ నీళ్లు చిలకరించే బాధ్యత పాపది.

ఇప్పుడు కేకు. రమ్ము వాడకపోతే నెల ముందు నానబెట్టకండి.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఎండు పళ్లు నెలలు, ఏడాది నానబెట్టడం అనేది మద్యంలో అయితేనే. అందులో సూక్ష్మజీవులు బతకవు కాబట్టి సీసాలో బయట ఉన్నా చెడిపోదు. బత్తాయి రసంలోనో ద్రాక్ష రసంలోనో అలా వదిలేస్తే రెండు మూడు రోజులకే పులిసి నురగ వస్తుంది. పైన బూజు తీసేసి వాడదాం అనుకోకండి, మొత్తం పారేయాలి.

మీరు చేయాల్సింది: కేకు చేసే ముందురోజు సాయంత్రం 300 గ్రాముల పళ్లు (నల్ల కిస్‌మిస్, మామూలు కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు, టూటీఫ్రూటీ, మీకు నచ్చిన పాళ్లలో) గిన్నెలో వేసి, 150 మిల్లీలీటర్ల నారింజ రసం పోసి, సన్నమంట మీద అయిదారు నిమిషాలు ఉడకనివ్వండి. రసం చాలావరకు పళ్లే పీల్చేస్తాయి. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి. అంతే. నేను రెండు రకాలూ చేస్తాను. రమ్ము కేకుకు నిలవ ఎక్కువ, ఘాటు ఎక్కువ. రుచిలో నారింజ రసం కేకు తక్కువేమీ కాదు, పిల్లలకైతే అదే నచ్చుతుంది. మా సంఘంలో చాలామంది ఇళ్లలో మద్యం గుమ్మం దాటి లోపలికి రాదు, వాళ్లందరికీ ఇదే చేసి ఇస్తాను.

టూటీఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలు. బేకరీ సరుకుల కొట్లో దొరికే ఎర్ర 'చెర్రీ' చాలావరకు మన వాక్కాయే, గింజ తీసి పాకం పట్టి రంగు వేసింది. రెండూ తీపీ, రంగే తప్ప వాసన లేనివి. అందుకని వాటిని తగ్గించి కిస్‌మిస్, ఖర్జూరం పెంచండి. నారింజ తొక్క తురుము ఒక చెంచా తప్పకుండా వేయండి, తెల్లటి పొర రాకుండా తురమాలి, వస్తే చేదు.

మిగతా కొలతలు, సుమారు కిలో కేకుకు, 7 అంగుళాల గుండ్రటి టిన్నుకు: మైదా 150 గ్రాములు, వెన్న 150, పొడి చేసిన పంచదార 120, గుడ్లు 3, బేకింగ్ పౌడరు ముప్పావు టీస్పూను, జీడిపప్పు 50 గ్రాములు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి అన్నీ కలిపి దంచిన పొడి ఒక టీస్పూను. పాకానికి విడిగా పంచదార 60 గ్రాములు, వేడినీళ్లు 60 మిల్లీలీటర్లు. మార్కెట్లో దొరికే అమూల్ పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది, అది వాడితే విడిగా ఉప్పు వేయకండి. కొలతలు గ్లాసులతో కాక తూకంతో తీసుకోండి. వంటింటి చిన్న కాటా కొంటే పండుగ అయ్యాకా పనికొస్తుంది, తూచడం పిల్లలకు ఆటగానూ ఉంటుంది.

పాకం దగ్గర కాస్త ఆగుతాను. కేకుకు ఆ ముదురు రంగు, ఆ కొసన తగిలే చిరుచేదు వచ్చేది ఇక్కడే. కోకో పౌడరు వేసి రంగు తెప్పించేవాళ్లున్నారు. అది చాక్లెట్ కేకు అవుతుంది, క్రిస్మస్ కేకు కాదు. దళసరి గిన్నెలో పంచదార ఒక్కటే, నీళ్లు లేకుండా, సన్నమంట మీద పెట్టండి. కరుగుతుంది, తేనె రంగుకు వస్తుంది, తర్వాత చిక్కటి టీ డికాక్షన్ రంగు. సన్నగా పొగ మొదలయ్యే క్షణంలో స్టవ్ ఆపేయాలి. ఇంకో అర నిమిషం ఆగితే చేదెక్కి పారేయాల్సిందే. ఆపగానే పక్కన మరుగుతున్న నీళ్లు గిన్నెకు దూరంగా నిలబడి మెల్లగా పోయాలి. అరిసెల పాకం పట్టిన చేతులకు కూడా ఇది కొత్తే, ఎందుకంటే అరిసెల పాకంలో నీళ్లుంటాయి, వేడి అంతగా పెరగదు. ఇక్కడ పంచదార ఒక్కటే 170 డిగ్రీలు దాటి ఉంటుంది, నీళ్లు తగలగానే భగ్గున పొంగి చిందుతుంది. ఈ పది నిమిషాలు పిల్లలు వంటింట్లో ఉండకూడదు. చన్నీళ్లు అసలు వద్దు. పాకం పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి, అందుకే నేను దీన్ని కూడా ముందురోజు రాత్రే చేసి సీసాలో పోసి పెట్టుకుంటాను.

మర్నాడు వెన్న, గుడ్లు రెండూ ఫ్రిజ్‌లోంచి తీసి రెండు గంటలు బయట ఉంచండి. చల్లటి గుడ్డు మెత్తటి వెన్నలో పడితే విరిగిపోయినట్టు పలుకులు పలుకులుగా అవుతుంది. అయినా కంగారు లేదు, ఒక చెంచా మైదా వేసి గిలకొడితే సర్దుకుంటుంది. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా, తర్వాత పాకం, తర్వాత జల్లించిన మైదా, బేకింగ్ పౌడరు, మసాలా. మైదా పడ్డాక గిలకొట్టడం ఆపి గరిటెతో మెల్లగా కలపండి, లేకపోతే సాగి గట్టిపడుతుంది. చివర పళ్లు, జీడిపప్పు.

పళ్లు అడుగుకు దిగిపోకుండా మైదాలో దొర్లించమని అందరూ చెప్తారు. నా అనుభవంలో దానివల్ల ఒరిగేది కొంచెమే. అసలు కారణం పిండి పల్చనవడం. ఇడ్లీ పిండికన్నా గట్టిగా, గరిటె తిప్పితే జారకుండా ముద్దగా పడేలా ఉంటే పళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నానిన పళ్లలో రసం మిగిలితే వడగట్టేయండి, కక్కుర్తిపడి అందులో పోయకండి.

టిన్నుకు అడుగున, చుట్టూ రెండు వరసల బటర్ పేపరు. పాత వార్తాపత్రిక వేయకండి, అచ్చు సిరా తిండికి తగలకూడదు.

కుక్కరా, మైక్రోవేవా? మీ మామూలు మైక్రోవేవ్‌లో ఈ కేకు రాదు. అది లోపలి తడిని ఉడికిస్తుందే తప్ప కాల్చదు, చల్లారాక రాయిలా అవుతుంది. కన్వెక్షన్, అంటే వేడిగాలితో కాల్చే ఏర్పాటు, ఉన్న రకమైతే 160 డిగ్రీల దగ్గర వస్తుంది. మీకు నేను కుక్కరుకన్నా ముందు చెప్పేది బిర్యానీ హండీ. హైదరాబాద్ ఇల్లు కదా, దళసరి అడుగు, బరువైన మూత ఉన్న గిన్నె ఉండే ఉంటుంది. లేకపోతే పక్కన పడేసిన పాత కుక్కరు తీయండి. రోజూ వాడే కొత్తది మాత్రం వద్దు, నీళ్లు లేకుండా గంటకుపైగా కాలితే పాడవుతుంది. కుక్కరైతే మూత రబ్బరు, విజిల్ రెండూ తీసేయడం మర్చిపోకూడదు.

అడుగున రెండు గ్లాసుల గళ్ల ఉప్పు పరిచి, దానిమీద స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్య మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. టిన్ను దింపాక మంట పూర్తిగా తగ్గించాలి. టిన్నుకు గిన్నె గోడకు మధ్య చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి, లేకపోతే పక్కలు మాడతాయి. 7 అంగుళాల టిన్ను పట్టకపోతే రెండు చిన్న టిన్నుల్లో సగం సగం పోసి ఒకదాని తర్వాత ఒకటి కాల్చండి. గంట నుంచి గంటంబావు పడుతుంది. మొదటి 45 నిమిషాలు మూత తీయకండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. కిస్‌మిస్ జిగురు అంటితే అది పచ్చిదనం కాదు, ఇంకోచోట గుచ్చి చూడండి. గిన్నెలో కాల్చిన కేకు పైభాగం పాలిపోయి, కొంచెం తడిగా ఉంటుంది, వేడి కిందనుంచే వస్తుంది కాబట్టి. తిరగేసి పళ్లెంలో పెట్టండి, అడుగే పైభాగం అవుతుంది, నున్నగా, ముదురు రంగులో. ఎవరికీ తెలియదు. వాడిన ఉప్పు డబ్బాలో పోసుకుంటే వచ్చే ఏడు కేకుకు పనికొస్తుంది, కూరల్లోకి పనికిరాదు.

కాల్చిన రోజు కోయకండి. పొడిపొడిగా రాలుతుంది, మసాలా ఘాటు ఒకచోట, తీపి ఒకచోట తగులుతాయి. పూర్తిగా చల్లారాక బటర్ పేపరులో చుట్టి డబ్బాలో పెడితే రెండో రోజుకు తడి అంతటా సర్దుకుంటుంది. రమ్ము లేని కేకు చలికాలంలో బయట నాలుగైదు రోజులు ఆగుతుంది, ఫ్రిజ్‌లో రెండు వారాలు. అందుకే మీ కేకు 20వ తేదీకి అటూ ఇటూ వచ్చే సెలవు రోజున కాల్చండి, అంతకుముందు వద్దు.

పిల్లలు ఎంతవరకు? మంట, పాకం, కరెంటు, ఈ మూడూ మీవి. మిగతావన్నీ వాళ్లకు ఇవ్వచ్చు. పాప: కిస్‌మిస్ కాడలు తీయడం, మైదా జల్లించడం, టిన్ను బటర్ పేపరు మీద పెట్టి పెన్సిల్‌తో గుండ్రం గీసి కత్తిరించడం, జీడిపప్పు పైన పేర్చడం. బాబు: తూకాలు, గుడ్లు విడిగా గిన్నెలో కొట్టి ఇవ్వడం, ఖర్జూరం కత్తెరతో ముక్కలు చేయడం (కత్తెరకు కాస్త మైదా రాస్తే అంటుకోదు). పిల్లలు ఒక పని మీద అరగంటకు మించి నిలబడరు, పని మధ్యలో వదిలి వెళ్తే వెనక్కి పిలిచి కూర్చోబెట్టకండి. సండే స్కూల్లో నేను గమనించింది ఒకటుంది. పని మొత్తం మనం చేస్తూ 'ఇది కొంచెం పట్టుకో' అంటే ఎవడూ రాడు. 'జల్లించడం నీదే, నువ్వు జల్లించేదాకా నేను కలపను' అంటే వస్తారు.

మీ అత్తయ్యగారు వచ్చాక ఆవిడను కేకులోకి లాగకండి, పిల్లల్ని గవ్వలకు కూర్చోబెట్టండి. రెండు గ్లాసుల మైదా, రెండు చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు, నీళ్లు. చిన్న ఉండ గవ్వల పీట మీద పెట్టి బొటనవేలితో నొక్కి లాగితే చుట్టుకుంటుంది. పీట లేకపోతే ఫోర్కు వెనకవైపు. గోవాలో, ఆంగ్లో ఇండియన్ల ఇళ్లలో కుల్‌కుల్ పేరుతో క్రిస్మస్‌కి చేసేది దాదాపు ఇదే. ఇంటిల్లిపాదీ నేలమీద చుట్టూ కూర్చుని చేసుకునే వంట కాబట్టి పండుగకు ముందు సాయంత్రాలకు బాగుంటుంది. వేయించడం, పాకం పట్టడం పెద్దవాళ్లు చూసుకుంటారు. ఇంకో లాభం, గుడ్డు తినని పొరుగువాళ్లకు కేకు ముక్క పెట్టలేం కదా, ఆ పళ్లెంలో గవ్వలు, అత్తయ్యగారి జంతికలు పెట్టి పంపొచ్చు. గులాబీ పువ్వులు కూడా వేస్తానంటే సంతోషమే, కానీ ఆ ఇనుప అచ్చు కాగే నూనెలో ముంచి తీసే పని, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

గుడ్డు లేని కేకు ఎలా అని అడుగుతారేమో. పెరుగు, వంటసోడాతో వస్తుంది, తినడానికి బాగానే ఉంటుంది, కానీ ఇన్ని పళ్ల బరువు మోయలేదు, కోస్తే విరిగిపోతుంది. పళ్లు సగానికి తగ్గించి చేయండి. గుడ్డు కేకులా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఖర్చు గురించి ఒక మాట. ఇంట్లో చేస్తే చవక అనుకుని దిగకండి. వెన్న, జీడిపప్పు, కిస్‌మిస్ చిల్లరగా కొంటే మామూలు బేకరీ ప్లమ్ కేకు ధరకు దగ్గర్లోకి వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. మీ కేకులో పళ్లు రెండింతలు ఉంటాయి, అదీ తేడా. స్టారు మాత్రం నిజంగానే చవక. మొదటి ఏడు బాగా వచ్చిందని పక్కింటివాళ్లు కేకు చేసి పెట్టమంటే ఒప్పుకోకండి, ఒక కేకు కాల్చిన గిన్నెలో నాలుగు కాల్చాలంటే రాత్రి రెండవుతుంది.

ఇదంతా మీరు డిసెంబరు 20 దాటాక చదువుతుంటే వెదురు స్టారు ఈ ఏడాదికి వదిలేయండి. చార్టు పేపరుతో మడత నక్షత్రం చేసి కిటికీకి అంటించండి, అరగంట పని. కేకు ఇంకా కుదురుతుంది: 22 రాత్రి పళ్లు ఉడికించి, పాకం చేసి, 23న కాల్చి, 25 ఉదయం కోయండి. 23 కూడా దాటిపోతే ఆ పళ్లు, పాకం జోలికి పోవద్దు, నాన్‌ఖటాయి చేయండి. మైదా 100 గ్రాములు, పేరుకున్న నెయ్యి 60, పంచదార పొడి 50, ఏలకుల పొడి. పిల్లలే ఉండలు చేసి కొద్దిగా అదిమి పైన పిస్తా పలుకు పెడతారు. అదే హండీలో, అదే ఉప్పు మీద, స్టీలు పళ్లెంలో దూరదూరంగా పేర్చి 20 నుంచి 25 నిమిషాలు. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. ఇంకాసేపు ఉంచితే అడుగు మాడుతుంది.